ఏమీ కాలేదు గదా!

ఆదివారం పూజ ముగిసింది. గుడి ముందర ఒక మోటారు సైకిలు బయలుదేరుతోంది. పెట్రోలు ట్యాంకు మీద నాలుగేండ్ల బాబు, వెనుక ఇల్లాలు, ఆమె ఒడిలో పసిపాప. హ్యాండిలుకు జపమాల వేలాడుతోంది. హెల్మెట్టు మాత్రం ఇంట్లో ఉంది. విచారణ గురువులు నిదానంగా పొమ్మంటే ఆ ఇంటి యజమాని నవ్వి, "ఇరవై ఏండ్లుగా తోలుతున్నాను ఫాదరుగారూ, ఏమీ కాలేదు గదా! దేవమాత చూసుకుంటుంది" అంటాడు. హిందూపురంలో గాని, ధర్మవరంలో గాని ఈ దృశ్యం మనలో ఎవరికీ కొత్త కాదు.

పైకి ఇది విశ్వాసం లాగానే కనిపిస్తుంది. నిజంగా విశ్వాసమేనా?

సాతాను క్రీస్తు ప్రభువును యెరూషలేము దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్నాడు. దేవదూతలు పట్టుకుంటారని లేఖనం కూడా చూపించాడు. ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు. తండ్రిని నమ్మడం వేరు, తండ్రికి పరీక్ష పెట్టడం వేరు. పైనున్నది కిందికి పడేటట్లు చేసిన నియమం కూడా ఆ తండ్రి ఏర్పాటే గదా!

"మేమెప్పుడు శిఖరం ఎక్కాము?" అని అడుగుతారేమో. లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయి గోడను గుద్దితే, ఆ దెబ్బ సుమారు 6 మీటర్ల ఎత్తు నుండి, అంటే రెండంతస్తుల మిద్దె మీద నుండి పడ్డంత. 60 అయితే 14 మీటర్లు. 80 అయితే 25 మీటర్లు, ఎనిమిది అంతస్తులు! వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. వేగం పెంచుతున్న ప్రతిసారీ మనం ఎక్కుతున్నది ఆ శిఖరం మెట్లే.

బ్రేకు సంగతీ అంతే. అడ్డం వచ్చిన మేకను చూసి బ్రేకు వేసేలోపు సుమారు ఒక సెకను గడుస్తుంది. 80 వేగంలో ఆ సెకనులోనే బండి 22 మీటర్లు పోతుంది. తరువాత పొడి రోడ్డు మీదనైనా ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. 40 వేగంలో అయితే మొత్తం కలిపి 20 మీటర్లలో ఆగుతుంది. వాన పడినా, టైర్లు అరిగినా ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

ఇక ఒడిలోని పాప. బస్సుకు ఉన్నట్టుండి బ్రేకు పడితే నిలబడ్డవారు ముందుకు తూలుతారు. బండి ఆగినంత మాత్రాన మనిషి ఆగడు. న్యూటన్ 1687లో ప్రచురించిన మొదటి సూత్రం ఇదే. 40 వేగంతో పోతున్న బండి దేనినో గుద్దుకొని ఒక్క అడుగు దూరంలో ఆగిపోయిందనుకోండి. పది కిలోల బిడ్డను పట్టి ఆపడానికి రెండు క్వింటాళ్ళ శనక్కాయలను ఎత్తేంత బలం కావాలి. తల్లి ప్రేమకు కొదవ లేదు, చేతులకే ఆ బలం లేదు.

2015 జనవరి 7న మడకశిర నుండి పెనుకొండకు వస్తున్న బస్సు పెనుకొండ దగ్గర లోయలో పడి పదిమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది చదువుకోవడానికి బయలుదేరిన పిల్లలు. అందుకు కారకులెవరో తీర్పు చెప్పడం మన పని కాదు. కాని ప్రతి మలుపూ మనకొక పాఠం. మలుపులో బండిని రోడ్డు మీద నిలిపేది టైరుకూ నేలకూ మధ్యనున్న పట్టు ఒక్కటే. వేగం రెండింతలైతే పట్టు నాలుగింతలు కావాలి. టాపు మీద మనుషులనూ మూటలనూ ఎక్కిస్తే బరువు పైకి చేరి బండి సులువుగా ఒరుగుతుంది.

"ఏమీ కాలేదు గదా" అనే మాటకు ఇప్పుడు వద్దాం. ప్రమాదం జరగకపోతే తప్పు లేనట్టేనా? ఇద్దరు ఒకే మలుపులో, ఒకే వేగంతో పోయారు. మొదటివాడికి దారి ఖాళీగా దొరికింది. రెండవవాడికి బడిపిల్ల అడ్డం వచ్చింది. మొదటివాడు ఇంట్లో భోజనం చేస్తున్నాడు, రెండవవాడు పోలీసు స్టేషనులో కూర్చున్నాడు. కాని ఇద్దరూ చేసిన నిర్ణయం ఒక్కటే. పిల్ల రావడం, రాకపోవడం మన చేతిలో లేదు. వేగం మన చేతిలో ఉంది. మనం లెక్క చెప్పవలసింది దానికే.

1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలువరించిన శ్రీసభ సత్యోపదేశం కూడా 2290వ అంశంలో ఇదే చెబుతుంది. తాగిన మత్తులో గాని, వేగం మీది మోజుతో గాని తమ ప్రాణాలనూ ఇతరుల ప్రాణాలనూ అపాయంలో పడవేసేవారు ఘోరమైన దోషం కట్టుకుంటారట. రక్తం చిందితేనే అనలేదు, అపాయంలో పడవేస్తేనే చాలు. ఈ మాట ఐదవ ఆజ్ఞ వివరణలో ఉంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఈ లెక్కలు చెప్పకూడదు. అక్కడ కన్నీరే ప్రార్థన. కాని మన అజాగ్రత్తకు "దేవుని చిత్తం" అని పేరు పెట్టడం కూడా తగదు. ఆయన నియమాలు లంచం పుచ్చుకోవు, భక్తుణ్ణి చూసి సడలవు. అది కాఠిన్యం కాదు, కరుణ. నిన్న నేలను పట్టిన టైరు నేడు కూడా పడుతుందనే గదా మనం ధైర్యంగా బండి ఎక్కుతున్నాం!

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. కార్లకు బెల్టులు అమర్చే పని కార్ఖానాది, పెట్టుకునే పని మనది.

జపమాల తీసివేయమని ఎవరూ అనరు. దానిని హ్యాండిలుకు వేసే చేతులతోనే హెల్మెట్టు కూడా తలకు పెట్టుకుందాం. దేవమాత సహాయం కోరి, ఆ తరువాత వేగం తగ్గిద్దాం. ఎదురుగా వచ్చే బడిపిల్లకు మనం చూపగల సోదరప్రేమ ఆ కొద్ది మీటర్ల దూరమే.