స్తుతిలో ముగ్గురు

ఆదివారం ఆరాధన చివర అయ్యగారు చేతులెత్తి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల దీవెన పలుకుతారు. మనం తలవంచి ఆమేన్ అంటాం. ఆ మూడు పేర్లూ సమానంగా నిలవడానికి ఒకప్పుడు పెద్ద పోరాటమే జరిగింది.

నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కప్పదొకియ కైసరయకు బాసిల్ బిషప్. ప్రార్థనలో ఆయన కొన్నిసార్లు ‘కుమారునితో, పరిశుద్ధాత్మతో కూడ’ తండ్రికి మహిమ చెల్లించేవాడు. ఆత్మను తండ్రి సరసన నిలపడమేమిటని కొందరు మండిపడ్డారు. బాసిల్ జవాబుగా ఒక పుస్తకమే రాశాడు. ఎవరి నామంలో బాప్తిస్మం పొందామో వారినే కదా స్తుతిస్తాం అన్నది అందులోని బలమైన వాదన.

ఈ బాసిలే కరువు కాలంలో ధనవంతుల ధాన్యపు కొట్లు తెరిపించాడు. రోగులకు, పేదలకు, కుష్ఠు బాధితులకు ఊరి వెలుపల ఆశ్రయం కట్టించాడు. నాకు ఆ పుస్తకం, ఈ సేవ వేరువేరు పనులుగా కనిపించవు. ముగ్గురూ ప్రేమను పంచుకోవడమే దేవుని జీవమని నమ్మినవాడికి వాకిట్లోని ఆకలి పరాయిది కాదు.

బాసిల్ కన్నుమూశాక, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో బిషప్పులు సమావేశమయ్యారు. ఆత్మ కూడ తండ్రితో, కుమారునితోపాటు ఆరాధన పొందుతాడన్న మాట ఆ సభ పేరనే విశ్వాస ప్రమాణంలో నిలిచింది. నేటికీ మన సంఘాల్లో లేచి నిలబడి దాన్ని చెబుతున్నాం.