చేజారిన చేపకు తూకం లేదు



మృగశిర కార్తె వచ్చిందంటే మన నగరంలో చేప మాట వినబడని ఇల్లుండదు. రోహిణి ఎండలు తగ్గి తొలకరి పలకరించే ఆ రోజున చేప తినడం పెద్దలనాటి ఆచారం. అదే రోజుల్లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబంవారు ఇచ్చే చేప మందు కోసం ఉబ్బసం రోగులు ఎక్కడెక్కడి నుండో వచ్చి బారులు తీరుతారు. కరోనా వల్ల 2020 నుండి మూడేళ్ళు ఆగిన ఆ పంపిణీ 2023లో మళ్ళీ మొదలైంది. ఆ మందు గుణాన్ని గూర్చి వైద్యులకూ, నమ్మేవారికీ మధ్య చాలాకాలంగా వాదం నడుస్తోంది. నేటి మన విషయం అది కాదు. మన విషయం అక్కడ చేతులు మారే ఆ చిన్న కొర్రమీను పిల్ల.

దాన్ని చేత్తో పట్టుకున్నవారికి తెలుసు, అదెంత జారుడో. ఒళ్ళంతా జిగురు. పట్టు బిగిస్తే వేళ్ళ సందుల్లోనుండి జారుతుంది, వదులు చేస్తే ఎగిరిపోతుంది. నీటి బయట కూడా గాలి పీల్చి చాలాసేపు బ్రతకగలదు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది ఈ కొర్రమీనునే. వేలెడంత పిల్లే ఇలా జారితే, మూడు నాలుగు కిలోల పెద్ద చేప గాలానికి పడి, గట్టుదాకా వచ్చి, ఆఖరి క్షణంలో తప్పించుకుపోతే ఆ మనిషి మనసు ఎలా ఉంటుంది? ఆ మనసును గూర్చి ఈ వారం కొంచెం ఆలోచిద్దాం. ఎందుకంటే గాలం ఎన్నడూ పట్టనివారి ఇళ్ళలో కూడా చేజారిన చేపలున్నాయి.

గాలం వేసేవారి మధ్య ఒక పూట కూర్చుని చూడండి. పట్టిన చేపల గురించి వారు క్లుప్తంగానే చెబుతారు. పోయిన చేప గురించి మాత్రం కథ సాగుతుంది. బెండు ఎలా మునిగిందో, కర్ర ఎలా వంగిందో, నీళ్ళమీద తోక ఎంత వెడల్పుగా కనబడిందో, అన్నీ చెబుతారు. మొదటిసారి చెప్పినప్పుడు మూరెడున్న చేప, పదోసారికి బారెడవుతుంది. "చచ్చినవాడి కళ్ళు చారెడు" అన్న మన సామెత మనుషులకే కాదు, చేపలకూ వర్తిస్తుంది.

అలాగని వారిని అబద్ధాలకోరులని తీసిపారేయకూడదు. పెద్ద చేప తప్పించుకునే అవకాశం నిజంగానే ఎక్కువ. దాని బరువుకు దారం తెగవచ్చు. అది పైకెగిరి తల విదిలించినప్పుడు దారం ఒక్క క్షణం వదులైతే కొక్కెం ఊడిపోతుంది. తొందరపడి గట్టిగా లాగితే బొచ్చె, రోహు వంటివాటి మెత్తని పెదవి చీలిపోతుంది. కాబట్టి పోయిన చేప పెద్దదే కావచ్చు. కాని ఎంత పెద్దది? అది ఎవరికీ తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

బేగంబజారు చేపల మార్కెట్టుకు వెళ్ళండి. చేతికి వచ్చిన ప్రతి చేపకూ అక్కడ పరీక్ష ఉంటుంది. మొప్పలెత్తి ఎరుపు చూస్తారు, కంటి మెరుపు చూస్తారు, త్రాసులో వేస్తారు. బేరమాడతారు, ముల్లు ఎక్కువని వంక పెడతారు. పోయిన చేపను మాత్రం ఎవరూ తూచలేదు. దానికి ముల్లు లేదు, నీచు వాసన లేదు, దాన్ని తోమే శ్రమ లేదు. చేతిలో ఉన్న చేపను త్రాసుతో కొలుస్తాం. చేజారిన చేపను ఊహతో కొలుస్తాం. ఇలాంటి పోటీలో చేతిలోనిది ఎన్నటికీ గెలవలేదు.

ఇప్పుడు చెరువు గట్టు దిగి మన ఇళ్ళలోకి వద్దాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు మాదాపూర్‌లో ప్లాటు చూసి, అడ్వాన్సు ఇవ్వబోయి ఆగినవారు మన నగరంలో ఎందరో ఉన్నారు. ఎంసెట్ రోజుల్లో కొద్ది ర్యాంకుల తేడాతో మెడిసిన్ సీటు తప్పినవారున్నారు. చేతిదాకా వచ్చిన దుబాయి వీసా పోయినవారున్నారు. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాన్ని పాతికేళ్ళుగా తలచుకునేవారున్నారు. ఎప్పుడో ఒకసారి తలచుకుని నిట్టూర్చడం మానవ సహజం. దానిలో తప్పు లేదు. కాని ఆ నిట్టూర్పు ఇంట్లో రోజూ వినబడేదైతే, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో చూడండి.

"ఆ సంబంధమే చేసుకుని ఉంటే" అని భర్త అంటున్నప్పుడు, అన్నం వడ్డిస్తున్న భార్య చెవులకు అది ఎలా వినబడుతుంది? "ఆ సీటు నాకు వచ్చి ఉంటేనా" అని తండ్రి పదేపదే అనే ఇంట్లో, మామూలు డిగ్రీ చదువుతున్న కొడుకు తన మార్కుల కాగితాన్ని ఏ ముఖంతో చూపించగలడు? ఆ భార్య పోటీపడవలసింది మరో స్త్రీతో కాదు, ముసలితనం రాని, జబ్బుపడని, కోపం తెలియని ఒక ఊహతో. ఆ కొడుకు పోటీపడవలసింది అపజయమే ఎరగని ఒక ఊహా వైద్యునితో. ఇది బయటికి కనబడే దెబ్బ కాదు. అయినా ఇది అన్యాయమే. ఎదుట ఉన్న మనిషిని నిజమైన త్రాసులో తూచి, లేనిదాన్ని ఊహా త్రాసులో తూచి, రెండింటినీ పోల్చి తీర్పు చెప్పడం దొంగ తూకం.

ఇంతకీ చేజారిన చేపను "పోగొట్టుకున్నాను" అనవచ్చునా? తత్వశాస్త్రంలో దీనికి పనికివచ్చే పాత భేదం ఒకటుంది. పునీత తోమా అక్వినాసు వారు అరిస్టాటిల్ బాటలో నడుస్తూ, ఉండకపోవడం రెండు విధాలని చూపించారు. రాతికి చూపు లేదు. అది రాతికి లోటు కాదు, ఎందుకంటే చూపు రాతి స్వభావానికి చెందినది కాదు. మనిషికి చూపు లేకపోవడం లోటు, ఎందుకంటే మనిషికి అది ఉండవలసినది. మొదటిది కేవలం లేకపోవడం. రెండవది ఉండవలసినది లేకపోవడం. మనకు రెక్కలు లేవని మనలో ఎవరమూ ఏడవం. కాలు పోతే ఏడుస్తాం.

మరి గాలం నుండి తప్పించుకున్న చేప ఏ కోవలోకి వస్తుంది? హుస్సేన్ సాగర్ 1562లో తవ్విన చెరువు. గండిపేట 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినవి. ఆ నీళ్ళలో పుట్టి పెరిగిన చేపలో ఫలానా మనిషికి వాటా ఉందని ఏ పత్రంలోనూ రాసి లేదు. గాలానికి తగిలిన ఆ రెండు నిమిషాల్లో అది అతనిది కాబోయింది గాని అతనిది కాలేదు. అతడు పోగొట్టుకున్నది చేపను కాదు, చేప దొరుకుతుందన్న ఆశను. ఆశ పోవడం కూడా బాధే. అయితే దాన్ని ఆశ అనే పిలవాలి, ఆస్తి అనకూడదు.

"అయ్యవారూ, అంత దగ్గరదాకా వచ్చి పోతే బాధ ఎక్కువ కాదా?" అని మీరు అడుగుతారు. ఎక్కువే. డానియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో దీనిపై ఒక చిన్న ప్రశ్న వేశారు. ఇద్దరికీ విమానం తప్పిపోయింది. ఒకరికి అరగంట తేడాతో, మరొకరికి ఐదు నిమిషాల తేడాతో. ఎవరు ఎక్కువ బాధపడతారు? ఐదు నిమిషాల మనిషేనని దాదాపు అందరూ జవాబు చెప్పారు. మన నాంపల్లి స్టేషనులో నిలబడినా ఇదే చూడవచ్చు. అరగంట ఆలస్యంగా వచ్చినవారు తరువాతి బండి ఎప్పుడని అడుగుతారు. ఆఖరి పెట్టె కదిలిపోతుండగా వచ్చినవారు తల కొట్టుకుంటారు. కాని ఇద్దరూ ఉన్నది ప్లాట్‌ఫారం మీదే. పోయిన బండి ఇద్దరికీ ఒకటే. దగ్గరితనం బాధను పెంచుతుంది గాని హక్కును ఇవ్వదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, నిజమైన లోటును చేజారిన చేపతో కలపకండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర "అది నీది కాదనుకో" అనడం క్రూరత్వం. ఆ బిడ్డ ఆమె ఒడిలో పెరిగినవాడు. ఆమె దుఃఖం ఊహ కాదు. అలాగే లంచం వల్లనో, కులం చూసో, న్యాయంగా రావలసిన ఉద్యోగాన్ని ఎవరైనా తన్నుకుపోతే, అది జారిన చేప కాదు, దోచుకున్న చేప. అక్కడ కావలసింది ఓర్చుకొమ్మనే ఉపదేశం కాదు, న్యాయం కోసం నిలబడే ధైర్యం. పేదవారి హక్కును కాజేసి, "మీకు రాసిపెట్టి లేదు" అని చెప్పేవారికి ఈ వ్యాసం సాక్ష్యం కాకూడదు.

రెండవది, అందని ద్రాక్ష పుల్లన అనే నక్క దారి పట్టకండి. "ఆ చేప ఎలాగూ రుచిగా ఉండదు, ఆ ఉద్యోగంలో ఏముంది?" అని తీసిపారేయడం కూడా అబద్ధమే. లేనిదాన్ని పెంచి చెప్పడం ఒక దొంగ తూకమైతే, తగ్గించి చెప్పడం మరో దొంగ తూకం. చేప మంచిదే. అందమైనదే. అది మనకు దొరకలేదు. ఈ మూడు మాటలూ ఒకేసారి చెప్పగలవారే సత్యంలో ఉన్నవారు.

అలా చెప్పగలిగిన మనిషి కథ ఒకటి అమెరికాలో జరిగింది. అక్కడ బాస్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టడం పెద్ద వేడుక. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప ప్రపంచ రికార్డుగా నిలిచింది. అంటే దాదాపు పది కిలోలు. 2006 మార్చిలో కాలిఫోర్నియాలోని డిక్సన్ సరస్సులో మాక్ వీక్లీ అనే వ్యక్తి గాలానికి అంతకంటే పెద్ద చేప తగిలింది. చేతి త్రాసులో తూచితే 25 పౌండ్ల 1 ఔన్సు. రికార్డు అతని చేతుల్లోనే ఉంది. కాని చేప ఎరను నోటితో అందుకోలేదు. కొక్కెం దాని ఒంటికి పక్కగా గుచ్చుకుంది. అది సరైన పట్టు కాదు. ఫోటో తీసుకుని, అతడు దాన్ని తిరిగి నీళ్ళలోకి వదిలేశాడు. కొన్నాళ్ళ ఆలోచన తరువాత రికార్డు కోసం దరఖాస్తు కూడా పెట్టనన్నాడు. 2008లో ఆ చేప చనిపోయి తేలింది. దవడ కింది నల్లమచ్చను బట్టి గుర్తుపట్టారు. పెర్రీ రికార్డు పోలేదు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిత పట్టిన చేప దానితో సమానంగా నిలిచింది.

గమనించారా? వీక్లీ చేప ఊహ కాదు. దానికి తూకముంది, ఫోటో ఉంది. అయినా "ఇది న్యాయంగా నాకు దొరికినది కాదు" అని అతడు దాన్ని విడిచిపెట్టాడు. మనమేమో తూకం లేని, ఫోటో లేని చేపలను ఏళ్ళ తరబడి పట్టుకుని వదలం. చేతిలో ఉన్నదాన్ని న్యాయం కోసం వదలడం కష్టమని అందరికీ తెలుసు. చేతిలో లేనిదాన్ని వదలడం ఇంకా కష్టమని ఒప్పుకునేవారు తక్కువ.

సువార్తల్లో కూడా జాలరుల కథలు ఉన్నాయి. లూకా సువార్తలో పేతురు రాత్రంతా శ్రమపడి ఏమీ దొరకక, తెల్లవారి వల వేస్తే అది పిగిలిపోయేటన్ని చేపలు పడ్డాయి. జీవితంలో అంతటి వేట అతడు చూసి ఉండడు. దాన్ని ఒడ్డునే విడిచి క్రీస్తునాథుని వెంట వెళ్ళాడు. యోహాను సువార్త చివర మళ్ళీ వల వేసినప్పుడు 153 పెద్ద చేపలు పడ్డాయని లెక్క రాసి ఉంది. ఆ రాత్రి ఏమీ దొరకలేదన్న మాట ఒక్క ముక్కలో ఉంది. దొరకని చేపలెన్నో, ఎంత పెద్దవో సువార్త చెప్పలేదు. లెక్క పెట్టింది వలలో ఉన్న చేపలనే. ఆ తరువాత వాటిలో కొన్ని నిప్పులమీద కాలాయి, అందరూ కూర్చుని తిన్నారు. ఆకలి తీర్చేది వలలో ఉన్న చేపే.

కాబట్టి ప్రియ కుటుంబ పెద్దలారా, మీకొక చిన్న పని చెబుతాను. "అది దొరికి ఉంటే" అన్న మాట ఈ వారం మీ నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ మాట ఎవరి ముందు అంటున్నారో చూడండి. మీ పక్కన కూర్చున్న ఆ మనిషి మీకు నిజంగా దొరికినవారు. వారికి లోపాలున్నాయి, కోపమూ ఉంది, చేపకు ముల్లున్నట్టే. కాని ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో దీపం వెలుగుతున్నది వారి వల్ల. వారిని తూచవలసింది వారి సొంత తూకంతోనే.

జారిన చేప సంగతి జాలరులకు కథగా మిగలనివ్వండి. అది ఇప్పటికీ నీళ్ళలో ఉంటే, అక్కడ దాని బ్రతుకు అది బ్రతుకుతోంది. మన పళ్ళెంలో దానికి చోటు లేదు.