కాయకము – కుటుంబ ఋణము

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో సకల వృత్తులవారును గలరు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. వీరి సరసనే బహురూపి చౌడయ్య యను శరణుడు గలడు. వేషములు ధరించి జనుల యెదుట ఆడుటయే ఆయన కాయకము. వేషము కట్టువాడని శరణులు ఆయనను దూరముగ నుంచలేదు. ఆయన వచనములు నేటికిని నిలిచియున్నవి. కావున నటన కాయకమగునా, కాదా యను ప్రశ్న వీరశైవులకు ఎనిమిది శతాబ్దముల క్రిందటనే తీరినది. తీరని ప్రశ్న వేరొకటి కలదు. ఊరూర తిరుగుటయే కాయకమైనవాడు తన యింటి ఋణమును ఎట్లు తీర్చవలెను?

నాటక వృత్తి స్వభావము చేతనే సంచార వృత్తి. కర్ణాటకమున తుమకూరు జిల్లా గుబ్బిలో 1884లో చన్నబసవేశ్వరుని పేర ఒక నాటక సంస్థ వెలసెను. బాల్యముననే అందు చేరిన గుబ్బి వీరణ్ణ (1891–1972) తరువాత దానికి అధిపతియై, తెరలతో, పెట్టెలతో, పెద్ద పరివారముతో మకాములు మార్చుచు నాటకము లాడించెను. తెలుగునాట సురభి వారి చరిత్రము వేరు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో ఒక వివాహ సందర్భమున ‘కీచకవధ’ ప్రదర్శనముతో ఆరంభమైన ఆ పరంపరలో కుటుంబమే నాటక సమాజమాయెను. తల్లియు బిడ్డయు ఒకే రంగస్థలముపై నిలుతురు. మకాము కదలిన, ఇల్లును కదలును. ఇట్టి భాగ్యము నటులందరికిని లేదు. పెక్కుమందికి ఇల్లొక చోట, పని యొక చోట.

అట్టి నటు నొకనిని ఊహింపవచ్చును. ఒక మకాము ముగిసినది. మరియొకటి ఇంకను ఆరంభము కాలేదు. నడుమ మూడు దినములు చిక్కినవి. బసవ జయంతికి బంధువులందరును అన్నగారి యింట కూడుచున్నారని విని అతడు వచ్చెను. వచ్చినది మొదలు అతనికి రెండు మర్యాదలు జరిగినవి. పెద్దలు కొందరు, “ఇంకెన్నాళ్ళురా ఈ తిరుగుడు? ఒక చోట కుదురుకొనవా?” యని మందలించిరి. పిన్నలు చుట్టు మూగి రాయబారపు పద్యము పాడుమని పట్టుబట్టి, పాడిన పిమ్మట వన్సుమోరు కొట్టిరి. ఈ రెండింటికిని దూరముగ వదినె వంటయింట నుండెను. అన్న, మంచము పట్టిన తల్లికి స్నానము చేయించుచుండెను. ఏడేండ్లుగ వారు చేయుచున్న పని అదియే. దానికి వన్సుమోరు కొట్టువారు లేరు.

ఆ రాత్రి నటుడు తల్లి మంచము ప్రక్కన పడుకొనెను. నడిరేయి ఆమె దాహమని పెద్దకొడుకును పేరు పెట్టి పిలిచెను. నటుడు లేచెను. ఎవరి గొంతునైనను అనుకరింపగల విద్య అతనికి కలదు. అన్న గొంతుతో పలికిన ఆమె నెమ్మదిగ నీరు త్రాగి నిద్రించును. ఆ మాట అతని నాలుక చివరి దాక వచ్చెను. కాని అతడట్లు చేయలేదు. “నేనమ్మా, చిన్నవాడను” అనెను. ఉదయమే అతడు పాదములంటి నమస్కరించినను, “ఎప్పుడు వచ్చితివిరా?” యని తల్లి అడిగెను. ఆ ప్రశ్నకు తగిన సమాధానము అతని కంఠస్థములైన నాటకములలో ఏ యొక్క దానియందును లేదు.

అతడు చేసినది ధర్మమేనా? వృద్ధురాలికి ఊరట కలిగించు చిన్న అబద్ధము దోషమా యని కొందరడుగవచ్చును. రంగస్థలముపై వేషము అబద్ధము కాదు. అది వేషమని చూచువారికిని తెలియును. ఇంట వేసిన వేషము అట్టిది కాదు. పైగా, ఏడేండ్ల సేవచే అన్న సంపాదించిన పిలుపునకు తమ్ముడు బదులు పలికిన, అది అన్న సొత్తును అపహరించుటయే యగును.

శరణ చరిత్రములలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ కలదు. నేలరాలిన బియ్యము నేరుకొనుట మారయ్య కాయకము. ఒకనాడాతడు నిత్యము కంటె ఎక్కువ తేగా, లక్కమ్మ ఆ అధికమును తిరిగి ఉన్నచోటనే పోసి రమ్మని పంపెను. తన కాయకమునకు మించినది బియ్యమైనను, ప్రశంసయైనను ఒక్కటియే. మూడు దినములకు వచ్చినవానికి దక్కిన ఆదరములో కొంత, నిత్యము సేవించిన వారి పాలు. దానిని వారికి తిరిగి పోయవలెను.

మరునాటి పంక్తిలో నటుడు వదినెను ముందు కూర్చుండబెట్టి, తానే వడ్డించెను. ఇది మంచిదే. కాని ఒక పూట వడ్డన ఏడేండ్ల ఋణమును తీర్పదు. అట్లని మకామునకు పోక నిలిచిపోవుటయు న్యాయము కాదు. ఒక పాత్రధారి రానిచో నాటకము నిలుచును. దానిపై ఆధారపడిన అందరి కూడును నిలుచును. కాయకమును విడిచి ఇంటి ఋణమును తీర్చిన, ఆ ఋణము పరుల తలపై పడును. వానకాలమున డేరా నాటకములు మందగించును. ఆ రెండు మాసములు తాను తల్లి కడ నుందునని, అన్నయు వదినెయు ఎన్నాళ్ళనుండియో వాయిదా వేయుచున్న శ్రీశైల యాత్రకు పోయిరావలెనని అతడు చెప్పెను. “ఎప్పటి మాటలే” యని అన్న నవ్వెను. ఆ నవ్వులో తప్పు లేదు. అట్టి మాటలు ఆ యిల్లు మునుపును వినియుండెను. అప్పుడు నటుడు గోడమీది పంచాంగమును దింపి, తాను వచ్చు దినమునకు గుర్తు పెట్టెను. దినము చెప్పని వాగ్దానము నాటకపు మాటయే. దినము చెప్పిన వాగ్దానము మాత్రమే ఋణపత్రమగును.

బసవేశ్వరుడు స్థావరము కంటె జంగమమునకు అధికత నొసగెను. ఇది పాదముల నడకను గూర్చిన మాట యని భ్రమపడరాదు. ఊరు కదలని అన్న దినదినము తల్లి అవసరమును బట్టి తన్ను తాను మార్చుకొనుచు వచ్చెను. అతనియందు జంగమ తత్త్వము కలదు. నూరూళ్ళు తిరిగినవాడైనను, తన కీర్తియందే నాటుకొనినచో, అతడు స్థావరుడే. బంధువుల కలయిక విందు కొరకు మాత్రమే కాదు. ఉన్నవారి కాయకమును వచ్చినవారును, వచ్చినవారి కాయకమును ఉన్నవారును గుర్తించి, ఎవరి భారము ఎవరు ఎన్నాళ్ళు మోయవలెనో దినములతో సహా పంచుకొనుట కొరకు. ఈ పంపకము జరుగని కలయిక ఎంత వైభవముగ జరిగినను, తెర దిగిన పిమ్మటి రంగస్థలము వంటిదే.