థూపమా, దిబ్బా?



మొదటిసారి భట్టిప్రోలు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన్ని స్తూపానికి దారి అడిగాను. కాసేపు ఆలోచించి, "దిబ్బ కాడికా?" అన్నాడు.

ఆ దిబ్బకి పుస్తకాల్లోకి కూడా ఎక్కిన పేరు లంజదిబ్బ. రాయడానికి చెయ్యి రావడంలేదు, కానీ దాచితే మనకే నష్టం. కృష్ణకి ఆవల ఘంటసాలలో, గుడివాడలో ఉన్న బౌద్ధ దిబ్బలకీ అదే పేరు.

అసలు మాట చూడండి. పాళీలో థూప, సంస్కృతంలో స్తూప. వేదకాలంలో దానికి జుట్టుముడి అనే అర్థం ఉంది. మన తెలుగులోనూ అంతేగా, ఆడవాళ్ల తలమీదా కొప్పే, పూరింటి మీదా కొప్పే! పోగు, రాశి అనే అర్థమూ ఉంది. కల్లంలో మిరపకాయలు రాశి పోసే మనకి ఆ రూపం వేరే చెప్పాలా? మాటలో మైల ఏమీ లేదు.

తన అస్థికల మీద థూపాన్ని నాలుగు పెద్దదారుల కూడలిలో కట్టాలని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. ఊరవతల కాదు, కూడలిలో. వెలివాడలో పుట్టినవాళ్లం, ఆ తేడా మనకి అందరికంటే ముందు అర్థమవుతుంది.

మన దగ్గర దిబ్బ అయిపోయిన ఈ మాట బయట బాగా బతికింది. సింహళంలో అనురాధపురం థూపారామం ఉంది. చైనావాళ్ల 'తా', జపాన్‌వాళ్ల 'తో' దీన్నుంచి వచ్చినవే అంటారు. జపాన్‌లో సమాధుల వెనక నిలబెట్టే సన్నటి చెక్కపలక 'సోతోబా'. అదీ స్తూపమే. ఇంగ్లీషు దొరలు 'టోప్' అన్నారు. కన్నింగ్‌హామ్ 1854లో సాంచి చుట్టుపక్కల స్తూపాల మీద వేసిన పుస్తకం పేరులోనే ఆ మాట ఉంది.

అమరావతి రాళ్లమీద ఇంకో పేరుంది, మహాచేతియ. థాయిలాండ్ 'చేదీ', బర్మా 'జేదీ' ఈ చేతియే. ఊళ్లో మాత్రం దాన్ని దీపాలదిన్నె అన్నారు. అదైనా నయం.

ఆ అమరావతి శాసనాల్లో ఒకటి మీ పిల్లలకి చెప్పండి. విధికుడనే చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు, తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానమిచ్చాడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తోలుపనివాడి తండ్రి పంతులండీ! భిక్షుణులు ఇచ్చిన దానాలూ అక్కడ ఉన్నాయి. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే బయటపడిన రాతి భరిణె మీద కురుడూ అతని తల్లీ తండ్రీ బుద్ధుని ధాతువుల కోసం ఇచ్చారని రాసి ఉంది. పేర్లు చెక్కించుకున్నవాళ్లు వీళ్లు. ఆడదాన్ని తిట్టే ఆ మాట ఏ రాతిమీదా లేదు, తర్వాత నోళ్లలో పుట్టిందే.

కాబట్టి దారి అడిగేటప్పుడు థూపం అనండి. ఎదుటివాళ్లకి తెలియకపోతే రెండు నిమిషాలు ఆగి చెప్పండి. ఆ రోజు నేను ఆగలేదు. "ఆఁ, ఆ దిబ్బే" అని ముందుకి నడిచాను.