పూనకంలో పలికే గొంతు

అత్తవారింట ఏళ్ల తరబడి నోరు మెదపని కోడలికి ఒకనాడు అమ్మవారు పూనుతుంది. అంతవరకు ఆమె మాట చెవిన పెట్టని పెద్దలే చేతులు జోడించి, “ఏం కావాలి తల్లీ?” అని అడుగుతారు. పూనకం దిగిన తరువాత ఆమెకు ఏమీ గుర్తుండదు. ఇంట్లోనూ ఏమీ మారదు. దక్షిణాసియాలో పలుచోట్ల కనబడే దృశ్యమిది. ఆ స్త్రీని మనోవైద్యుని వద్దకు తీసుకువచ్చినప్పుడు ఆయన నయం చేయవలసినది దేనిని?

స్పృహ, జ్ఞాపకం, ‘నేను’ అనే భావం సహజంగా ఒక్కటై అల్లుకొని ఉంటాయి. ఆ అల్లిక విడిపోవడమే విఘటన రుగ్మత. భరింపరాని అనుభవం స్పృహకు అందకుండా విడివడి నిలిచిపోతుందని ఫ్రెంచి మనస్తత్వవేత్త పియేర్ జానే 19వ శతాబ్ది చివరలో వివరించాడు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పూనకానికి కూడా ఇందులో చోటు కల్పించింది. అయితే ఒక సంస్కృతి, ఒక మతం ఆచారంగా అంగీకరించిన పూనకాన్ని అది రోగమనదు. సికింద్రాబాదు మహంకాళి బోనాలలో పచ్చికుండపై నిలిచి రంగం చెప్పే స్త్రీ రోగి కాదు. ఇష్టానికి విరుద్ధంగా వచ్చి బతుకును అస్తవ్యస్తం చేసే పూనకమే రోగం.

పాశ్చాత్య దేశాలలో రూపొందిన చికిత్సాక్రమం ముందుగా రోగికి భద్రత కల్పిస్తుంది. ఆ తరువాతనే గాయపు జ్ఞాపకాలను తాకుతుంది. చివరకు విడిపోయిన అంశాలను కలుపుతుంది. రోగి ఒంటరిగా వచ్చి తన కథ తానే చెప్పుకుంటాడన్నది అక్కడి ఊహ. ఇక్కడ రోగి వెంట కుటుంబం వస్తుంది. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోని గుడారాలలో ఉంచి, వారిని చికిత్సలో భాగస్వాములను చేశాడు. భారతీయ మనోవైద్యానికి అది గొప్ప పాఠం. కాని గాయం చేసినది ఆ కుటుంబమే అయితే? రోగి విషయాలను గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గుర్తించింది. ఆ హక్కుకు అర్థముండాలంటే, ఆమెతో ఏకాంతంగా మాట్లాడే అవకాశం వైద్యునికి దొరకాలి.

వైద్యుని ముందు రెండు సులభమార్గాలు ఉంటాయి. పూనకమంతా నటన అని కొట్టివేయడం ఒకటి. అది ఆమెను అవమానిస్తుంది. దేవత మాటగానే అంగీకరించి ఊరుకోవడం మరొకటి; తన మాట చెల్లాలంటే ఆమె మళ్లీ మళ్లీ స్పృహ కోల్పోవలసి వస్తుంది. దేవత నిజమా కాదా అని తీర్పు చెప్పడం వైద్యుని పని కాదు. ఆ గొంతు ఏమి అడుగుతున్నదో విని, ఆ కోరికను మెలకువలో, తన పేరుతో, తానే పలికే శక్తిని ఆమెకు కలిగించడం ఆయన పని.

ఇందులోనూ తొందర కూడదు. చికిత్సాలయం నుంచి ఆమె తిరిగి వెళ్లవలసినది ఆ ఇంటికే. అక్కడ పూనకమే ఆమెకు ఉన్న ఒకే ఒక రక్షణ కావచ్చు. మరొక ఆసరా చూపకుండా దానిని తొలగిస్తే రోగలక్షణం పోతుందేమో గాని, ఆమె మునుపటి మౌనంలోకే జారిపోతుంది. కనుక చికిత్సను ఈ నేలకు తగినట్లు మలచడమంటే దాని పరిభాషను తెలుగులోకి మార్చడం మాత్రమే కాదు. ఆ ఇంటిని కూడా వినడానికి సిద్ధం చేయడం. పూనకం ఆగిన నాడు కాదు, పూనకం లేకుండానే ఆమె మాట చెల్లిన నాడు ఆ చికిత్స పూర్తయినట్లు.