ఆటలో అరటిపండు



గడచిన సంక్రాంతి సెలవులలో మా సంఘస్థులొకరు సాయంకాలమున నాయొద్దకు వచ్చి ఒక కాగితము బల్లమీద పెట్టిరి. ఆయన కుమారుడు చెడుగుడు బాగుగా ఆడును. ఆ పిల్లవాడు జిల్లా స్థాయి కబడ్డీ పోటీలలో ఆడి గెలిచినట్లు నేను వ్రాసి, ముద్రవేసి, సంతకము పెట్టవలెనట. వాడు ఆడినది మా గుడి ఆవరణలో క్రిస్మస్ దినములలో జరిగిన పోటీలలో మాత్రమే. ఆ సంగతి నాకు తెలుసును, ఆయనకును తెలుసును.

"ఆటేగదా అయ్యగారూ! ఎవరి సొమ్ము పోతుంది? ఒక్క సంతకం పెట్టండి. క్రీడల కోటాలో మావాడికి ఎక్కడో ఒకచోట దారి దొరుకుతుంది" అని ఆయన బతిమాలెను.

రేపు చెప్పుదునని పంపివేసితిని. వెంటనే కాదనుటకు నాకు ధైర్యము చాలలేదని ఒప్పుకొనవలెను. ఆ రాత్రి ఆయన మాట నన్ను విడువలేదు. ఆయన ఒకే ఊపిరిలో ఒకే పనికి రెండు పేర్లు పెట్టెను. సంతకము అడుగునప్పుడు అది ఆట. కోటా అడుగునప్పుడు అది క్రీడ. ఈ రెంటికి భేదమున్నదా? ఉన్నయెడల అది ఎక్కడ ఉన్నది?

మన తెలుగు ఈ విషయములో మిక్కిలి ధారాళమైనది. చెడుగుడు ఆట, దాగుడుమూతలు ఆట, కోలాటము ఆట, సినిమా హాలులో మధ్యాహ్నము ఒక ఆట, రాత్రి ఒక ఆట. మేకలను పులులు తరుము ఆటలో ఒక్క పైసాయైన లేకపోయినను కొన్ని ఊళ్లలో దానికి పులిజూదము అని పేరు. క్రీడ అను మాట బడినుండియు పుస్తకములనుండియు మన యిండ్లలోనికి వచ్చినది. కనుక మాటలను పట్టుకొని లాభము లేదు, వస్తువునే చూడవలెను.

చెమట పట్టిన క్రీడ, పట్టకున్న ఆట అని కొందరు చెప్పుదురు. మా ఇంటి అరుగుమీద చింతపిక్కలతో వామనగుంటలు ఆడు ముసలమ్మలకు చెమట పట్టదు, నిజమే. అయితే 2006లో దోహా పట్టణమున జరిగిన ఆసియా క్రీడలలో చదరంగమునకు పతకములిచ్చిరి. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి అక్కడ కుర్చీలో కూర్చుండియే బంగారు పతకము గెలిచెను. మరియొక వైపున, మండుటెండలో తొక్కుడుబిళ్ల ఆడు ఆడపిల్లను చూడుడి. చెమటతో ఆమె గౌను తడిసిపోవును గాని, ఆమె క్రీడాకారిణియని ఎవరును వ్రాసికొనరు. ధాన్యపు బస్తాలు మోయువాని చెమట సంగతి చెప్పనే అక్కరలేదు.

కెనడాలో బోధించిన బెర్నార్డ్ సూట్స్ అను తత్త్వవేత్త 1978లో అచ్చయిన తన గ్రంథములో ఆట యనగానేమో విచారించెను. అక్కరలేని అడ్డంకులను మనంతట మనమే ఇష్టముతో పెట్టుకొని వాటిని దాటుటకు ప్రయాసపడుటయే ఆట అని ఆయన భావము. చెడుగుడు చూడుడి. అవతలివానిని ముట్టుకొనుటయే కావలెనన్న, ఊపిరి బిగబట్టి కూత పెట్టుచు గీత దాటనేల? వాడు చెరువుకు స్నానమునకు వచ్చినప్పుడు ముట్టుకొనవచ్చును గదా! ఈ మాట నాకు నచ్చినది. అయితే ఇది ఆటకును క్రీడకును సమానముగా వర్తించును. నాకు కావలసినది ఆ రెంటి నడుమనున్న గీత.

ఆ గీత నాకు పుస్తకములో గాక మన పిల్లల నోట దొరికినది. మీరందరును చిన్ననాడు ఆడినవారే. పెద్దపిల్లలు ఆడుచుండగా నాలుగేండ్ల తమ్ముడు ఏడ్చుచు వచ్చి, నేనును ఆడుదుననును. వానిని పొమ్మనరు. "సరే, వీడు ఆటలో అరటిపండు" అందురు. వాడు పరుగెత్తును, దాగికొనును, కేకలు వేయును. ఎవరు ముట్టుకొనినను వాడు అవుటు కాడు, దొంగ కానక్కరలేదు. వాడు ఆటలో ఉన్నాడు గాని లెక్కలో లేడు. ఇట్టి చట్టమును ఏ బడిపంతులును వ్రాయలేదు. ప్రేమయే దానిని కనుగొన్నదని నేను తలంచుచున్నాను.

క్రీడలో అరటిపండు ఉండడు, ఉండజాలడు. గీత ఇక్కడనే ఉన్నదని నాకు తోచుచున్నది.

చెడుగుడు చరిత్రయే దీనికి సాక్షి. అది ఊరూరికి ఒక తీరుగా నుండెను. మనకు చెడుగుడు, తమిళులకు సడుగుడు, మరాఠీవారికి హుతుతు. ఎందరు ఆడవలెను? వచ్చినవారందరు. బరి ఎంత? కళ్లము ఎంతయో అంత. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడి నియమములు కుదిర్చెను. 1990లో బీజింగులో అది ఆసియా క్రీడలలో పతకముల వరుసకెక్కెను. ఇప్పుడు పక్షమునకు ఏడుగురు. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కూతకు 30 సెకండ్లు. ఊపిరి ఒక్కటే న్యాయాధిపతిగా నుండిన చోట గడియారము వచ్చి కూర్చుండినది.

ఇన్ని కొలతలెందుకు? ఒకరినొకరు ఎరుగనివారు ఆడవలెను గనుక. ఆ గెలుపును, అక్కడ లేనివారు నమ్మవలెను గనుక. 2023 అక్టోబరు 7వ తేదీన చైనాలోని హాంగ్జౌ పట్టణమున ఆసియా క్రీడల తుది పోటీలో మనవారును ఇరానువారును చెరి 28 పాయింట్లతో ఉండగా, ఒక్క కూతలో ఎవరు అవుటయిరి, ఎందరు అవుటయిరి అను వివాదము పుట్టెను. ఆట ఇంచుమించు ఒక గంట నిలిచిపోయెను. తుదకు మనవారు 33–29తో గెలిచిరి. మన గుడి ఆవరణలోనైతే అర నిమిషములో తీరిపోవును. "సరేలేరా, ఈ కూత మళ్లీ పెట్టు" అందురు. అక్కడ అట్లు అనుటకు ఆ పదునలుగురిలో ఎవరికిని అధికారము లేదు. ఆట ఆడువారి సొత్తు. వారు దానిని మార్చుకొనవచ్చును, ఆపవచ్చును, క్షమించుకొనవచ్చును. క్రీడ ఆడువారి సొత్తు మాత్రమే కాదు. దాని ఫలితము ఒక సాక్ష్యము వంటిది.

పరిశుద్ధ గ్రంథములో ఈ రెండును ఉన్నవి. జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయములో, బాగుపడిన యెరూషలేమును చూపునప్పుడు, చేతికఱ్ఱలతో కూర్చుండిన వృద్ధులను, వీధులనిండ ఆడుకొను పిల్లలను చూపెను. అక్కడ ఎవరు గెలిచిరో చెప్పలేదు. పౌలు కొరింథీయులకు వ్రాయునప్పుడు పరుగును గూర్చి చెప్పెను. ఆ పట్టణపు చేరువనే రెండేండ్లకొకసారి ఇస్త్మియా క్రీడలు జరుగుచుండెను. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టుచుండిరి. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, నియమము తప్పిన జెట్టికి కిరీటము లేదనియు చెప్పెను. మన తెలుగు బైబిలులో ఆ పరుగునకు వాడిన మాట పందెము. మా సంఘములో ఒక అవ్వ ఆ అధ్యాయము విని, "పౌలుగారు కూడా పందేలు కాసేవారా అయ్యగారూ?" అని అడిగినప్పుడు నేను నవ్వితిని. కోడిపందెములు తప్ప వేరు పందెము చూడని ఊరిలో ఆమె ఇంకేమి తలంచును?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పవలెను.

నేను ఇంతకుముందు పనిచేసిన ఊరిలో ఒక కాలు ఈడ్చి నడచు పిల్లవాడొకడు ఉండెను. వానికి పండ్రెండేండ్లు. సాయంకాలపు చెడుగుడులో వాడు ప్రతిదినము అరటిపండే. అందరితో కలిసి కూతకు పోవును, పట్టుకొందురు, విడిచిపెట్టుదురు. వాడును సంతోషముగనే ఉండెననుకొంటిని. ఆ యేడు నాకు ఉత్సాహము పుట్టి చుట్టుప్రక్కల సంఘముల పిల్లలతో పోటీ పెట్టించితిని. సున్నముతో గీతలు గీయించి, ఈల కొని, నేనే తీర్పరినైతిని. మా పక్షమున ఏడుగురిని ఏరునప్పుడు వాడు మిగిలిపోయెను. మిగిలినవారి చొక్కాలు ఒడిలో పెట్టుకొని వేపచెట్టు క్రింద కూర్చుండెను. తుది ఆటలో మావారిలో ఒకని మోకాలు చీరుకొనిపోగా, జాలిచేత నేను వీనిని లోపలికి పిలిచితిని. వాడు కూతకు పోయెను. అవతలివారు నడుము పట్టిరి. కూత తెగెను, అందరును వినిరి. నేను మాత్రము ఈల ఊదక, "పోనీ, వాడు అవుటు కాదు" అంటిని.

అవతలి పక్షపు పెద్దపిల్లవాడు నా యెదుటకు వచ్చెను. కోపముగా కాదు, మర్యాదగనే అడిగెను: "అయ్యగారూ, మీరు ఆడిస్తున్నది ఆటా, పోటీయా? ఆటైతే చెప్పండి, మేమూ వాడిని అరటిపండు అంటాం. పోటీ అయితే వాడు అవుటు."

నాకు జవాబు దొరకలేదు. ఇంతలో ఆ కుంటి పిల్లవాడే మట్టి దులుపుకొని లేచి, "నేను అవుటేనండి" అని గీత దాటి వెళ్లి కూర్చుండెను. నేను ఓదార్చుదమని దగ్గరకు పోతిని. వాని ముఖము వెలుగుచుండెను. "అయ్యగారూ, నన్ను నిజంగా పట్టుకున్నారు చూశారా? ముగ్గురు పట్టుకున్నారు!" అనెను. పుట్టి పండ్రెండేండ్లకు వాడు మొదటిసారి అవుటయ్యెను.

నేను దయ అనుకొని చేసినది అవతలి ఏడుగురి యెడల దొంగతనము. అది తెలిసికొనుటకు నాకు కష్టము కాలేదు. అయితే ఆ దయ ఈ పిల్లవానినుండియు ఒకటి దొంగిలించుచుండెనని తెలిసికొనుటకు చాల దినములు పట్టినది. ఆటలో వానికి చోటు దొరికినది. లెక్క మాత్రము పోటీలోనే దొరికినది. అందుచేత పోటీయే గొప్పదందునా? అననేరను. ఏలయనగా, అరటిపండుగా ఆడుకొన్న ఆ యేండ్లే లేకపోయినయెడల ఆ కాలితో వాడు బరి దగ్గరకైనను వచ్చియుండడు. మరునాటి సాయంకాలము ఈల లేదు, సున్నపు గీతలు చెరిగిపోయినవి, వాడు మరల అందరితో ఆడెను. ఆ దినమున వాడు ఏమైయుండెనో, అరటిపండో కాదో, నేను అడుగలేదు.

1992లో బార్సిలోనా ఒలింపిక్సులో ఇంగ్లండు దేశస్థుడైన డెరెక్ రెడ్‌మండ్ 400 మీటర్ల పరుగులో తొడవెనుక కండరము తెగి మధ్యనే కూలెను. లేచి కుంటుచు పోవుచుండగా, అతని తండ్రి కావలివారిని తోసికొని వచ్చి, కుమారుని భుజమును పట్టుకొని చివరి గీతవరకు నడిపించెను. చూచుచున్న వేలమంది లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. అయినను ఆ పరుగు లెక్కలోనికి రాలేదు. ఇది అన్యాయమని నేను ఒకప్పుడు అనుకొంటిని. ఇప్పుడు అట్లు అనుకొనను. లెక్క వ్రాయువారు ఆ తండ్రిని చూచి కన్నీరు విడిచియుందురేమో. అయినను వ్రాయవలసినది వ్రాసిరి. తండ్రి కూడ పతకము అడుగుటకు రాలేదు. ఆయనకు కావలసినది కుమారుడు.

మరునాడు మా సంఘస్థుడు మరల వచ్చెను. ఆ తండ్రి ఆశ నాకు తెలియనిది కాదు. ఆయనకున్నది ముప్పాతిక ఎకరము, ఆ పిల్లవాడు. నేను చెప్పినది ఇంతే: "మన ఆవరణలో ఆడేది ఆటైతే, మీవాడికి మనమంతా కలిసి గెలుపు ఇచ్చేయవచ్చు. ఈ కాగితం మాత్రం మనల్ని ఎరుగని ఆఫీసులో, మీవాడిలాగే నిజంగా జిల్లాలో ఆడిన ఇంకొక బీదవాడి కాగితం పక్కన కూర్చుంటుంది. వాడి తండ్రికి నేనేమి చెప్పను?"

తరువాత నేను వేరొక కాగితము తీసి, పిల్లవాడు మా సంఘపు పోటీలలో ఆడెననియు, వాని పక్షము రెండవ స్థానము పొందెననియు వ్రాసి సంతకము పెట్టి ఇచ్చితిని. ఆయన దానిని చదివి, మడిచి, బల్లమీదనే పెట్టి వెళ్లిపోయెను. నాలుగు ఆదివారములుగా ఆయన వెనుక వరుసలో కూర్చుండి, దీవెన కాకముందే లేచి పోవుచున్నారు. పిల్లవాడు మాత్రము సాయంకాలములందు వచ్చుచున్నాడు. నిన్నటి దినమున వాని చెల్లెలు కూడ వచ్చి ఆడుదునని మారాము చేయగా, వాడే ఆమెను ఎత్తి గీత లోపల నిలువబెట్టి, "ఇది అరటిపండురా, జాగ్రత్త" అని అవతలివారికి చెప్పుచుండెను.