ఖాళీ గడి

బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి గానీ, పేరు కూడా అప్పుడే చెప్పి తీరాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పట్టుబట్టదు. పేరు గడి ఖాళీగా వదిలేసి, 12 నెలల్లోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు. ఆ గడువు దాటినా, ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల దాకా రాయించుకునే వీలుంది. ఒకసారి రాయించాక మాత్రం దారి ఇరుకవుతుంది. అక్షరం తప్పు పడితే దిద్దుతారు. మనసు మారిందంటే అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్ అంటూ తిరగాల్సిందే. ఇంగ్లండ్‌లోనైతే నమోదైన 12 నెలల్లోపు, పెట్టిన పేరును మార్చుకోవడానికి చట్టమే చోటిచ్చింది. తల్లిదండ్రుల మనసు ఊగుతుందని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసన్నమాట. అది తెలిసినప్పుడు నాకు కాస్త ఊరటగా అనిపించింది.

మా బిడ్డ ధ్రువపత్రంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఏడాది దగ్గరపడుతోంది. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం మొదలు పాస్‌పోర్టు దాకా ఆ కాగితమే ఆధారం కాబట్టి, వదిలేస్తే సరిపోయేది కాదు. ఎవరడిగినా తీరిక లేదంటున్నాను. మున్సిపాలిటీ ఆఫీసు మా ఇంటికి నడిచిపోయేంత దూరం, తీరిక లేకపోవడమేమిటి? పేరు లేదా అంటే ఉంది. తొట్టెల వేసిన రోజు పిల్ల చెవిలో చెప్పింది ఆ పేరే. ఇంట్లో అందరం ఆ పేరుతోనే పిలుస్తున్నాం, మా అమ్మ తప్ప. కాగితం మీదికి ఎక్కించడానికే చెయ్యి రావడం లేదు.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రేపు పిల్ల చదవడం నేర్చుకుంటుంది. తన పేరును పట్టుకుని తండ్రి ఇంత మథనపడ్డాడని తెలిసినా ఫర్వాలేదు గానీ, ఆ పేరు పక్కన ఈ మాటలన్నీ అచ్చులో ఉండటం నాకిష్టం లేదు.

పేర్ల విషయంలో మా ఊరికి పట్టింపు తక్కువ. ఊరు రామకృష్ణాపూర్, మున్సిపాలిటీ క్యాతన్‌పల్లి, రైలు ఆగే స్టేషన్ రవీంద్రఖని. ఇక్కడ అందరికీ అన్నం పెట్టిన బొగ్గు కంపెనీ సింగరేణి, ఆ పేరు ఎక్కడో ఖమ్మం జిల్లాలో ఉన్న ఊరిది. బొగ్గు బాయిలకైతే రెండు పొడి అక్షరాలు, ఒక అంకె చాలు. మనుషుల పేర్లు మాత్రం అలా కాదు. మా తాతల కాలం పేర్లన్నీ దేవుళ్ల గుళ్ల నుంచి వచ్చినవే. ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే ఓదెలు, వేములవాడ రాజన్నకు మొక్కుకుంటే రాజయ్య, రాజేశం. కొమురయ్యలు, పోశంలు, సమ్మక్కలు, సారక్కలు లేని క్వార్టర్ల లైన్ ఉండేది కాదు. తర్వాత ఎర్రజెండాలు వచ్చాయి. నా ఈడు వాళ్లలో అరుణలు, విప్లవ్‌లు, చైతన్యలు చాలామంది. అమరుల పేర్లు పిల్లలకు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. మొక్కో, జెండానో, ఆ పేర్లు ఇంటి బయట ఎవరికో బాకీ తీర్చినట్టుండేవి. మేం పెట్టిన పేరు ఎవరికీ బాకీ లేదు. అదే దాని గొప్ప అనుకున్నాను.

పేరు వెతికే రోజుల్లో నా ఫోన్‌లో పెద్ద జాబితా ఉండేది. ఈ మధ్య దాన్ని మళ్లీ తీశాను. కొట్టేసిన పేర్ల పక్కన కారణాలు రాసుకున్నాను అప్పట్లో. ‘పక్క లైన్‌లో ఉంది’. ‘పాతకాలంది’. ‘ఇంగ్లీషులో రాస్తే పొడుగు’. ‘మరదలి బిడ్డ పేరుకు దగ్గరగా ఉంది’. ‘వింటే ఊరు తెలిసిపోతుంది’. ఈ చివరి కారణం ఒక్క పేరు పక్కన కాదు, చాలా పేర్ల పక్కన ఉంది. బిడ్డకు నప్పదని మాత్రం ఎక్కడా రాసుకోలేదు. అసలు ఆ జాబితాలో బిడ్డ ఊసే లేదు. నా పేరు విన్నవాళ్లు నన్ను ఎలా చూశారో, నా కూతురు పేరు విన్నవాళ్లు నన్ను ఎలా చూడాలనుకున్నానో, ఆ లెక్కే ఉంది.

చివరికి దొరికిన పేరు ఈ కాలనీల్లో ఎవరికీ లేదు. ‘అదేం పేరు, ఎప్పుడూ వినలేదే’ అని ఎవరైనా అంటే లోపల ఒక పొంగు. అర్థం చెప్పడానికి ఒక వాక్యం తయారుగా పెట్టుకున్నాను. ఆ వాక్యం చెప్పే అవకాశం కోసం, ఎవరూ అడక్కముందే పిల్లను ముందుకు చూపించి పేరు చెప్పిన సందర్భాలున్నాయి. ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేసిన కంపెనీలో ఇప్పుడున్నది 40 వేల దగ్గర. ఇక్కడి పిల్లలు ఎక్కడికో పోయి బతకాల్సినవాళ్లే, ఆ పోయేచోట పనికొచ్చే పేరు పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. అయితే ఆ నిజం నాకు తర్వాత దొరికింది. ముందు కలిగింది గర్వమే.

అమ్మ అడిగింది వేరు. జాతర ఏడు కడుపున పడ్డ పిల్ల, మేడారం పోయి నిలువెత్తు బంగారం తూయించి సమ్మక్క తల్లి పేరు పెట్టుకుందామంది. నేను కాదనడానికి నక్షత్రాన్ని అడ్డం పెట్టాను. పిల్లది మృగశిర. వే, వో, కా, కీ అనే అక్షరాలే రావాలి, ‘స’ కుదరదు అన్నాను. నా జీవితంలో ఎన్నడూ నక్షత్రం చూసి పని మొదలుపెట్టినవాణ్ణి కాను. పంతులు చెబితే పక్కకు తిరిగి నవ్వేవాణ్ణి. ఆ రోజు మాత్రం పంచాంగం తెచ్చి మరీ చూపించాను. నాకిష్టం లేదని చెబితే అమ్మ బాధపడుతుందని అలా చేశానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఆమె బాధ గురించి అంత పట్టింపు ఉంటే ఇంకో దారి వెతికేవాణ్ణి. ఇష్టం లేదంటే ఎందుకని అడుగుతుంది, ఆ ఎందుకుకు జవాబు చెప్పాల్సి వస్తుంది. నేను తప్పించుకున్నది ఆ ప్రశ్నను. అమ్మ మాత్రం పంచాంగం మాట కాదనలేదు. ‘నీ బిడ్డ, నీ ఇష్టం కొడుకా’ అని ఊరుకుంది.

ఆ పేరు అమ్మకు నోరు తిరగలేదు. మధ్యలో ఒత్తు జారిపోయేది, చివరి అక్షరం మారిపోయేది. ప్రతిసారీ దిద్దాను. అదీ చుట్టాల ముందు, నవ్వుతూ. పిల్ల అమ్మ ఒళ్లో కూచుని ఆమె మెడలోని గొలుసు నోట్లో పెట్టుకుంటూ ఉంటే, అమ్మ పేరు పలికేది, వెంటనే నా వైపు చూసేది. సరిగా వచ్చిందా అన్నట్టు. సొంత మనవరాలిని పిలవడానికి ఆమె నా మొహం చూసుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్లకు పేరు మానేసి ‘బంగారీ’ అనడం మొదలుపెట్టింది. ముద్దుకు అంటోందని నా భార్య అనుకుంది. నేనూ అలాగే అనుకున్నట్టు ఉండిపోయాను. ఈ పేరు తప్పేమోనన్న గుబులు నాకు అప్పుడే మొదలైంది.

ఇంత దూరం వచ్చాక మా బాపు సంగతి రాయక తప్పదు. ఆయన్ని అందరూ పిలిచే పేరు ఓదెల మల్లన్నది. కంపెనీ మస్టర్‌లో మాత్రం ఇంకో పేరు. సింగరేణి ఊళ్లలో మారుపేరు వింత కాదు. ఒకరి పేరు మీద వచ్చిన పనిలో ఇంకొకరు చేరడం, అన్న పేరుతో తమ్ముడు బాయిలోకి దిగడం ఒకప్పుడు చాలా ఇళ్లలో జరిగింది. కార్మిక సంఘాల హామీల్లో మారుపేర్ల సమస్య ఏళ్లుగా ఉంటూనే ఉంది. బాపు ఆ పేరుతోనే తట్టా చెమ్మస్ పట్టాడు, ఆ పేరుతోనే దిగిపోయాడు. రేషన్ కార్డు, ఆధార్, పింఛన్ కాగితాలు, ఆఖరికి మరణ ధ్రువపత్రం కూడా ఆ పేరు మీదే. కన్నవాళ్లు పెట్టిన పేరు మిగిలిన కాగితం ఒక్కటే, నా పదో తరగతి మెమో. తండ్రి పేరు అన్నచోట బడిలో ఎవరో అడిగితే నేనే చెప్పి ఉంటాను, ఇంట్లో పిలిచే పేరు.

ఆ ఒక్క గడి మీద నాకు చాలా కోపం ఉండేది. సింగరేణిలో 1998లో ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలను మళ్లీ ఇద్దామని తెచ్చిన పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. 2018 నుంచి కారుణ్య నియామకాల దారిలో, మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు అవకాశం తెరుచుకుంది. అప్పటికి బాపుకు ఆయాసం. మెడికల్ బోర్డుకు పోదామన్నాను. ‘పేర్లు కలువయి బిడ్డా’ అన్నాడు. దరఖాస్తు పెట్టలేదు. అంతే, దాని గురించి ఇంట్లో మళ్లీ మాట్లాడుకోలేదు. ఆయన ఎందుకు ఇంకొకరి పేరుతో దిగాడో, ఎన్ని కడుపులు నింపడానికి దిగాడో నాకు తెలుసు. తెలిసి కూడా కోపం పోలేదు. ఆయన పోయాక కూడా పోలేదు. నేను బిడ్డకు పెట్టిన పేరులో ఇంటివాళ్ల జాడ, ఊరి జాడ, దేవుడి జాడ ఏదీ లేకుండా చూసుకున్నది కొత్తదనం మోజుతోనే అనుకున్నాను ఇన్నాళ్లూ. తవ్వుకుంటూ పోతే కింద ఉన్నది ఈ కోపం. ఆ ఇంటి పేర్ల గొడవ ఏదీ నా బిడ్డను తాకకూడదన్న పంతం. బాపుతో తేల్చుకోవాల్సింది పిల్ల తొట్టెల్లో తేల్చుకున్నాను.

అయితే మార్చేద్దామా? నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. మల్లన్న పేరు ఆడపిల్లకు కలిసొచ్చేలా ఏదో ఒకటి చేసి, గడి ఖాళీగానే ఉంది కదా, బాపు పేరు కాగితం మీద నిలబెడదామని. ఆలోచిస్తుంటే కళ్లు చెమర్చాయి కూడా. నా భార్యకు చెప్పాను. ఆమె పిల్లకు ఉగ్గు తినిపిస్తోంది. చేతిలో గిన్నె పక్కన పెట్టకుండానే అడిగింది: ‘పిలిస్తే తిరిగి చూస్తుంది కదా ఇప్పుడు. మల్ల ఎవలి కోసం మారుస్తున్నవ్?’

ఆ ‘ఎవలి కోసం’ నన్ను వదల్లేదు. బాపు కోసమా? బతికుండగా ఆయన పేరు గురించి ఆయన్ని ఒక్కమాట అడగలేదు. అమ్మ కోసమా? ఆమె అడిగింది మల్లన్న పేరు కాదు, సమ్మక్క పేరు. తండ్రి పేరు నిలబెట్టిన కొడుకని చుట్టాలు అంటారు. ఆ మాట ముందే నా చెవుల్లో వినబడింది. దానికి తగ్గ వాక్యం కూడా మనసులో తయారవుతోంది, మొదటి పేరుకు అర్థం చెప్పే వాక్యం తయారైనట్టే. మొదటిసారి బిడ్డను చూపించి కొత్తవాణ్ణి అనిపించుకోవాలనుకున్నాను. ఈసారి మంచివాణ్ణి అనిపించుకోవాలనుకున్నాను. రెండుసార్లూ పిల్ల నా చేతిలో పలకలాగే ఉంది. పశ్చాత్తాపం కూడా గర్వం వేసుకునే బట్టల్లో ఒకటి కావచ్చని అంతకుముందు నాకు తట్టలేదు. నిజంగా పశ్చాత్తాపమే అయిన పాలు అందులో ఎంతో కూడా నేను తేల్చుకోలేకపోతున్నాను.

మా నాయనమ్మ తరంలో పెంటయ్యలు, పెంటమ్మలు ఉండేవాళ్లు. వరసగా బిడ్డలు పోతుంటే, పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి తెచ్చుకుని ఆ పేరు పెట్టేవాళ్లు. చావు కన్ను పడకూడదని, కావాలని పనికిమాలిన పేరు. చిన్నప్పుడు ఆ పేర్లకు మేం నవ్వేవాళ్లం. ఇప్పుడు నా జాబితాను వాటి పక్కన పెట్టి చూస్తే తల ఎత్తుకోలేను. ఆ తల్లిదండ్రులు నలుగురిలో తమ మాటేమవుతుందో చూసుకోలేదు. బిడ్డ బతకడం ఒక్కటే చూశారు. వాళ్లకున్న భయం నాకు లేకపోవడం అదృష్టమే. అయినా, భయం లేనిచోట నా మనసు దేనితో నిండిందో చూసుకుంటే ఆ అదృష్టాన్ని తేలిగ్గా వాడేసుకున్నానేమో అనిపిస్తుంది.

గడువు లోపల ఆఫీసుకు పోయి, ఇప్పుడు పిలుస్తున్న పేరే రాయిస్తాను. అది గొప్ప పేరని కాదు. పిల్ల దానికి పలుకుతోంది, వాళ్లమ్మ ఆ పేరును ఇష్టంగా పిలుస్తోంది. నేను ఏ బుద్ధితో పెట్టానన్నది నా దగ్గర ఉండాల్సిన సంగతి, ఆ కాగితం మీద కాదు. అమ్మను దిద్దడం మానేశాను. ఆమె ఒత్తు లేకుండా పిలిచినా పిల్ల తిరిగి చూస్తుంది, ‘బంగారీ’ అన్నా చూస్తుంది. మృగశిర సంగతి మాత్రం అమ్మకు చెప్పాలి. అక్షరం కుదరక కాదు, నాకే ఇష్టం లేక వద్దన్నానని, ఎందుకు ఇష్టం లేదో కూడా. ఇంకా చెప్పలేదు.